వాల్వు లేని కుండ

ధర్మవరం, 1984 ఎండాకాలం. పట్టుచీరల వ్యాపారి జయరామయ్య ఇంటి పెరట్లో ఈతతొట్టి. గట్టు మీద ఆయన భార్య రాజేశ్వరి. పెరటి గడప దగ్గర, హిందూపురం నుంచి వచ్చిన మోటారు మేస్త్రీ సాబ్జాన్.

“ఆడే నిలబడు సాబ్జానూ. గడప దాటొద్దు.”

“ఏమైందమ్మా? చెప్పులు ఇడిచే వచ్చినా.”

“చెప్పులు గాదు. చేతిలో ఏందది?”

“కుండమ్మా. కొత్తదే. పొద్దున్నే కుమ్మరోళ్ళ దగ్గర తీసుకోని, నేనే చిల్లులు పొడిచినా.”

“చిల్లులు పొడిచినావా! నాయనా, దాన్ని అవతల పెట్టు ముందు.”

“పెడతా, పెడతా. కోప్పడొద్దు. దీంట్లో బ్లీచింగ్ పొడి, ఇసుక కలిపి నీళ్ళలోకి ఏలాడదీస్తే మందు కొంచెం కొంచెంగా దిగుతాది. గత్తర, అదే కలరా, వచ్చినప్పుడు పెనుకొండలో బావులకంతా ఇవే కట్టినారు.”

“బావికి కట్టుకోపో. ఇంట్లోకి చిల్లుకుండ తెస్తారా యాడన్నా? కేశవను ఎత్తకపోయిన పొద్దు మా ఆయన భుజాన నీళ్ళకుండ... చితి చుట్టూ తిరుగుతాంటే ఎనకాల చిల్లు మీద చిల్లు పొడిచినారంట. కొడుకు ఎత్తాల్సిన కుండ తండ్రి ఎత్తె.”

“యా అల్లా! తప్పయిందమ్మా. నాకు తట్టనే లేదు.”

“నీకెట్ల తడతాదిలే. మజ్జిగ తాగుతావా?”

“మజ్జిగ తర్వాత. నీళ్ళు చూడు, మళ్ళా పాచి పట్టె. సావుకారు నిన్న ట్రంకాల్ చేసి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినారు. బిడ్డ పోయినాక, అడుగు కనపడాలని గదా బెంగళూరు నుంచి మందు మిషను తెప్పించి బిగించిండేది?”

“కరెంటు నిలబడితే గదా. మోటారు ఆగితే మందూ ఆగిపోతాది.”

“అందుకే కుండ తెచ్చినా. దీనికి కరెంటుతో పనిలేదు.”

“రోజూ పసుపు కుంకుమ ఏసి మొక్కుతాండా. గంగమ్మ తల్లి తన నీళ్ళు తాను శుద్ధి చేసుకోదా? మందు పోస్తేనేనా?”

“గంగమ్మే గానీ, నిలవ నీళ్ళు గదమ్మా. ఆయితారం పాపను దించుతారంట, ఈత నేర్పనీకి.”

“ఆయన పట్టు. అన్న మాదిరి కాకూడదని. ఆయితారం నేను దాన్ని పుట్టింటికి తోలుకపోతా.”

“ఎన్ని ఆయితారాలు తోలుకపోతావు? ఈ పచ్చనీళ్ళలో పాప జారితే ఎవురికి కనపడతాది? కేశవ కోసం టాకీసులు, బస్టాండు, రైలుస్టేషను అంతా ఎతికినారంట. ఈడ కాళ్ళకిందే...”

“సాబ్జానూ!”

“అనకూడదు. నోరు జారినా.”

“మజ్జిగలో ఉప్పు ఏసుకుంటావా?”

“అమ్మా, ఈడికి వచ్చే ముందే మోటారు గదిలో మిషను చూసొచ్చినా. బాగానే తిరుగుతాంది. డబ్బా నిండా మందుండాది. మందు వదిలే వాల్వు మూసుండాది.”

“తుప్పు పట్టిందేమో.”

“ప్లాస్టిక్కుకు తుప్పా?”

“పిల్లి గిల్లి తగిలి...”

“పిల్లి వాల్వు తిప్పుతాదామ్మా! చేత్తో తిప్పి గట్టిగా బిగించినారు. సావుకారా?”

“ఆయన మోటారు గదిలోకే పోడు.”

“పాపా?”

“దానికి అందదు.”

“సరే, ఎవురని నేనడగను. కుండకు వాల్వు లేదు. ఒకసారి కట్టేస్తే ఇంగ ఎవురూ ఆపలేరు. నీళ్ళు తేటపడతాయి, పాప మునిగినా కనపడతాది. చిల్లుకుండ వద్దా, ప్లాస్టిక్ బక్కెట్టుకు చిల్లులు పొడిచి తెస్తా.”

“బక్కెట్టూ వద్దు.”

“దానికేం దోషముండాదమ్మా?”

“దానికీ వాల్వు ఉండదు గదా.”

“అమ్మా... నువ్వేనా?”

“తేటపడితే అడుగంతా కనపడతాది సాబ్జానూ. వాడు ఆడ లేడని తెలిసిపోతాది.”