అంకితం పేజీలో నల్లగీత

కాదు, నువ్వే చెప్పు. అంతమంది ముందు మైకు పట్టుకుని, "మా అమ్మాయి బతికే ఉందండీ" అని ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు?

అలా చూడకు. నువ్వు పోయావని నేను చెప్పలేదు. ఒక్కసారి కూడా నా నోటితో అనలేదు. వాళ్లే అనుకున్నారు. నేను ఊరుకున్నాను.

సరే, రెండూ ఒకటే అంటావు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది.

కూర్చో. ఆ కుర్చీలో చిరిగిన పుస్తకాలున్నాయి, కింద పెట్టు. లైబ్రరీ వాళ్లు వీటికి ఈ గదిలోనే అట్టలు వేసి కుడతారు. జిగురు వాసన ఘాటుగా ఉందా? నాకు అలవాటే.

ఇంకో పావుగంట ఉంది. ముందు పళ్ల డాక్టరు, తర్వాత రిటైరైన సర్వేయరు, చివర నేను. "మన ఊరి రచయితలు, వాళ్ల పుస్తకాల వెనక కథ" అని లైబ్రేరియనమ్మ బయట బ్యానరు కూడా కట్టించింది. చూసే ఉంటావు.

పళ్ల డాక్టరుకి పేషెంట్లు నోరు తెరుచుకుని పడుకున్నప్పుడే కవిత్వం తన్నుకొస్తుందట. అక్కడికక్కడే వినిపించేస్తాడట కూడా. పాపం, బాగాలేదని ఎలా అంటారు, నోటినిండా దూది!

నవ్వలేదు నువ్వు. ఒకప్పుడైతే పడీ పడీ నవ్వేదానివి.

అయ్యో, ఆ తాళంచెవి అక్కడ పెట్టకు తల్లీ. బ్యాగులో వేసేసుకో. అది మనింటి తాళం. ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి, గిన్నె మూతలు తీసి చూసి, కావలసింది పెట్టుకు తింటావని ఇచ్చింది. దాన్ని నా ముందు పెట్టావంటే ఏమిటర్థం? ఇక ఆ గడప తొక్కననేగా?

ఫోన్లో నువ్వన్నది విన్నాను. "ఇవాళ సభలో నిజం చెప్పు. చెప్పకపోతే నేను పోయినట్టే అనుకో." గట్టిగా అరిచినా బాగుండేది. అంత మెల్లగా అన్నావు.

నా ఖర్మ కాకపోతే, ఆ టీచరమ్మ కళ్లద్దాలకని మీ షాపుకే రావడమేమిటి! అన్ని షాపులుండగా! నీ మొహంలోకి చూసి, "ఆ పుస్తకంలో ఉన్న పాప మీ అక్కేనా అమ్మా? అచ్చం నీ పోలికే. ఎంత ఘోరం జరిగింది" అనడమేమిటి! నువ్వేమో అవునండీ అన్నావట. అని, ఆవిడ చెవులకి ఫ్రేము సరిచేసి, డబ్బాలో పెట్టి మరీ పంపావట.

నా చేతుల్లోంచి రావలసిన పుస్తకం. నువ్వు వెళ్లి కొనుక్కుని చదివావు.

ఇంకా అచ్చులోనే ఉందమ్మా, ప్రెస్సులో ఆలస్యం అని మూడు నెలలు నీతో బొంకాను. అది అబద్ధమే. అది మాత్రం ఒప్పుకుంటాను.

నల్లగీత నేను వేయించలేదు. నమ్ము. పుస్తకం పేజీలు అమర్చినతను బయటివాడు, నిన్నెప్పుడూ చూడలేదు. అంకితం పేజీలో ఫొటో కనబడితే చాలు, చుట్టూ నల్లగీత పెట్టేస్తాడు. ఏళ్ల తరబడి అతని చేయి అలా అలవాటు పడిపోయింది. బతికున్నవాళ్లకి పేరొక్కటే వేస్తారు, ఫొటో వేశారంటే పోయినవాళ్లదే. మా పనిలో అందరికీ తెలిసిందే. కథేమో పిల్ల పోయిన తల్లి కథ. ఫొటోలో రెండు జడలతో నువ్వు. కింద "నా చిట్టితల్లికి" అని ఉంది. అతన్ననడానికేముంది?

నువ్వు చూడలేదా అంటావు.

చూశాను.

ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నదాన్ని. పెళ్లిపత్రికల దగ్గర్నుంచి పాఠ్యపుస్తకాల దాకా, చిన్న చుక్క జారినా పట్టుకుంటానని మా ఓనరు పదిమందికీ చెప్పుకుంటాడు. మూడుసార్లు ప్రూఫులొచ్చాయి. మూడుసార్లూ ఆ గీత ఉంది. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. ఆ పేజీలో మూల ఎక్కడో కామా ఎక్కువైతే కొట్టేశాను కూడా.

గీత జోలికి పోలేదు.

ఎందుకా? చెప్తే నన్ను చీదరించుకుంటావు. బాగుందే! అనిపించింది. పుస్తకానికి నప్పింది. ఆ గీత చూశాక మొదటి పేజీ చదివితే నాకే ఒళ్లు జలదరించింది. తొలి పుస్తకమమ్మా. యాభయ్యో ఏట తొలి పుస్తకం. నలుగురూ నిజమనుకుని చదువుతారు కదా అని, ఆ ఒక్క పూట నీ సంగతి ఆలోచించలేదు. పుస్తకం సంగతే ఆలోచించాను.

ఆ ఒక్క పూట చాలదూ!

ఆవిష్కరణ ఇదే హాల్లో జరిగింది. లైబ్రేరియనమ్మ ఊరికే, మంచిగానే అడిగింది. "ఈ నవలకి ప్రేరణ ఏమిటండీ?" అని. నాకు మాటలు తక్కువని నీకు తెలుసు. ఎక్కువున్న మాట కొట్టేసే పనిలో ఉన్నదాన్ని, ఉన్నట్టుండి మాట్లాడమంటే ఎక్కణ్ణుంచి తెస్తాను? గ్లాసు తీసుకుని నీళ్లు తాగాను. మళ్లీ తాగాను.

అంతలో టైలరమ్మ ఒకావిడ లేచింది. "అడక్కండమ్మా ఆవిడని. మొదటి పేజీలోనే ఉందిగా" అంది.

అంతే. ఒక్కొక్కళ్లే లేచి నిలబడ్డారు. నిమిషం మౌనం పాటించారు, నీకోసం. నువ్వు ఆ టైముకి షాపులో ఎవరి కళ్లద్దాలో తుడిచి ఇస్తూ ఉంటావు. ఎవరితోనో జోకులేస్తూ ఉంటావు.

నేనూ లేచి నిలబడ్డాను. అందరూ నిలబడితే నేనొక్కదాన్నీ కూర్చుంటానా?

ఇదిగో, ఇలా రా. ఈ తలుపు సందులోంచి చూడు. ముందు వరసలో, మెడలో కొలతల టేపు తియ్యడం మర్చిపోయి వచ్చినావిడ. ఆవిడే టైలరమ్మ. కొడుకు ఇరవయ్యారేళ్లవాడు. బైకు మీద పనికి వెళ్లాడు, తిరిగి రాలేదు. నా పుస్తకం చదివాకే కంటిమీద కునుకు పట్టిందట. శనివారం శనివారం ప్రెస్సుకొచ్చి నా పక్కన స్టూలేసుకుని కూర్చుంటుంది. ఏమీ మాట్లాడదు. మొన్న నాకు దిండు గలీబులు కుట్టి తెచ్చింది. "మనిద్దరం" అంటుంది. "మనిద్దరికే తెలుస్తుంది వదినా" అంటుంది.

అంత మాటన్న మనిషితో నేను ఏమనాలి? మీ అబ్బాయి పోవడం నిజం, మా అమ్మాయి పోవడం ప్రూఫులో దిద్దని తప్పు అనాలా?

ఆగు, ఆగు. వెళ్లకు. ఒక్క పని చేద్దాం. ఒంట్లో బాగాలేదని చెప్పి ఇలా వెనకనుంచే వెళ్లిపోతాను. మిగిలిన కాపీలన్నీ తెప్పించేస్తాను. మళ్లీ అచ్చేస్తే గీత ఉండదు. ఫొటో కూడా ఉండదు. టైలరమ్మకి తర్వాత ఎప్పుడో నిదానంగా...

వద్దా?

పోనీ, నువ్వే నా పక్కన నిలబడు. నేనేమీ చెప్పక్కర్లేదు, నిన్ను చూస్తే వాళ్లకే అర్థమవుతుంది...

అదీ వద్దు. సరే. నువ్వన్నది నిజమే. మళ్లీ నిన్ను చూపించి నేను ఊరుకున్నట్టే అవుతుంది.

ఏమన్నావ్? వినపడలేదు, మళ్లీ అను.

అవును. అదీ అడగవలసింది. ఇందాకట్నుంచీ గీత, గీత అని నేనే చుట్టూ తిరుగుతున్నాను. గీత సరే, అసలు కథలో నన్నెందుకు చంపావనేగా?

అలా నిలబడే విను. కూర్చోమనను.

నీకప్పుడు తొమ్మిదేళ్లు. టెలిఫోన్ డైరెక్టరీ ప్రూఫులు మీద పడ్డాయి. ఎనిమిది వందల పేజీలు, అన్నీ పేర్లూ నంబర్లే. మీ నాయనమ్మ మంచాన పడి ఏడాది. మీ నాన్న ఊళ్లు తిరిగే ఉద్యోగం. తెల్లారి లేస్తే ఆవిడకి పక్క మార్చడం, నీకు జడలెయ్యడం, క్యారేజీ, బడి, ప్రెస్సు, నాలుగింటికి మళ్లీ బడికి పరుగు. ఆ రోజు నాలుగైనట్టే నాకు తెలియలేదు. తలెత్తి చూస్తే ఆరు.

బడికొచ్చేసరికి గేటు మూసుంది. నువ్వు లేవు.

ఆ తల్లి గుండె ఆగిపోయిందని పుస్తకంలో రాశాను. నలభయ్యో పేజీలో. అందరూ అక్కడే ఏడిచామన్నారు.

నా గుండె ఆగలేదు తల్లీ. తేలికైంది.

ఒక్క క్షణమే. రెప్ప వేసి తీసేంత సేపు. ఇక నాలుగింటికి పరిగెత్తక్కర్లేదు, ఇంటికెళ్లి పడుకోవచ్చు అనిపించింది. అలా అనుకోలేదు, అనిపించింది. ఆ తర్వాత అరిచాను, గేటు పట్టుకుని ఊపాను, చెప్పులు వదిలేసి వీధంతా పరిగెత్తాను. అదంతా నిజమే. కానీ ముందు వచ్చింది అది.

నువ్వు వాచ్‌మన్ గదిలో ఉన్నావు. స్టూలెక్కి కూర్చుని అతని టార్చిలైటు వెలిగిస్తూ ఆర్పుతూ ఆడుకుంటున్నావు. నన్ను చూసి నవ్వావు. అమ్మొచ్చిందోచ్ అన్నావు.

చెంప ఛెళ్లుమనిపించాను. నీ పెదవి చిట్లింది.

ఎన్నిసార్లు అడిగావు, ఆలస్యంగా వచ్చింది నువ్వు కదా, దెబ్బ నాకెందుకు అని? కంగారులో కొట్టానే పిచ్చిదానా అనేదాన్ని. కంగారు కాదు. నువ్వు నవ్వావని కొట్టాను. నాకేం అనిపించిందో తెలియక కదా నవ్వావు. అది చూడలేకపోయాను.

పదహారేళ్లయింది. నీకు వేలు తెగినా, జ్వరమొచ్చినా, ఫోనెత్తడం ఆలస్యమైనా అదే గుర్తొచ్చేది. రాసి వదిలించుకుందామని కూర్చున్నాను. ఆ గేటు దాకా రాయగలిగాను. ఆ పై మాట రాలేదు. అందుకని పిల్లని చంపేశాను. పిల్ల పోయిన తల్లిని ఎవరూ ఏమీ అనరు చూడు. పైగా లేచి నిలబడతారు. రెండొందల పేజీలు ఆ తల్లిని ఏడిపించాను, అదొక్కటీ చెప్పించకుండా.

ఇదమ్మా, ప్రేరణ. పళ్ల డాక్టరుకి దూది, నాకిది.

చప్పట్లు. సర్వేయరుది అయిపోయినట్టుంది.

గీత తప్పు, మా అమ్మాయి కళ్లద్దాల షాపులో పని చేస్తోంది అని చెప్తే నువ్వడిగింది తీరిపోతుంది. నాకు తెలుసు. కానీ లైబ్రేరియనమ్మ మళ్లీ అదే అడుగుతుందిగా, మరి ప్రేరణ ఏమిటండీ అని. మళ్లీ నీళ్లు తాగనా? ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. టైలరమ్మ లేచి వెళ్లిపోతే పోతుంది. మొహాన ఉమ్మితే తుడుచుకుంటాను. ఆవిడకి ఆ హక్కుంది.



అదిగో, అది వీధి తలుపు. ఇది హాలు తలుపు. రెండూ తీసే ఉన్నాయి. నువ్వెటు వెళ్లినా నేను వెనక్కి తిరిగి చూడను. చూస్తే అక్కడ నోరు పెగలదు.

నేను మాత్రం ఇటే వెళ్లాలి. మైకులో పిలిచేశారు.