అత్తయ్య చేతికి నా వాచీ

నా పేరు, చిరునామా పైన రాసుకున్నారు. వయసు ముప్పై రెండు. రెడీమేడ్ బట్టల దుకాణంలో ఆల్టరేషన్ పని చేస్తాను. కొన్న ప్యాంటు పొడుగైతే కత్తిరించి కుట్టేది, నడుము బిగుతైతే విప్పి వదులు చేసేది నేనే. ఈరోజు సాయంత్రం ఆరుంపావుకి ఆసుపత్రి నుంచి నేరుగా ఈ స్టేషన్‌కి వచ్చి, మహిళా ఎస్సైగారి ముందు, ఎవరి బలవంతమూ లేకుండా ఇది చెబుతున్నాను. బలవంతం లేదు గానీ భయం ఉంది. అది కూడా రాయండి.

ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆయన, మా అత్తయ్య. మా ఆయన తూకం కాటాలు బాగుచేసే మెకానిక్. ఊళ్ళు తిరిగి దుకాణాల్లో కాటాలు సరిచూసి వస్తారు. ఒక్క గ్రాము తేడా వచ్చినా ఆయనకి ముద్ద దిగదు. ఆయన గొంతు పెంచరు. బయట ఎవరినడిగినా మంచివాడనే చెబుతారు. మా అన్నయ్య కూడా అదే అంటాడు, అందుకే ఇన్నాళ్ళూ వాడి దగ్గరికి వెళ్ళలేదు.

కిందటేడు మా పెళ్ళిరోజుకి నాకు వాచీ కొనిచ్చారు. గుండె ఎంత కొట్టుకుంటోందో, నడిచినందుకు ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో చెప్పే వాచీ. దానికి సిమ్ ఉంది, మనిషి ఎక్కడున్నదీ చెబుతుంది. ఆ లెక్కంతా యాప్‌లో నా ఫోన్‌లోనూ ఆయన ఫోన్‌లోనూ పడుతుంది. నేను సంబరపడ్డాను. దుకాణంలో అందరికీ చెయ్యి చాపి మరీ చూపించుకున్నాను.

మొదట్లో ఆరోగ్యం కోసమే అన్నారు. నా బరువు, ఎత్తు, వయసు ఆయనే అందులో ఎక్కించారు. వదులుగా ఉంటే లెక్క తప్పుతుందని పట్టీ నాలుగో రంధ్రం దాకా బిగించారు. తర్వాత వంటింట్లోకి చిన్న కాటా వచ్చింది. ఆ తర్వాత తిండి అలమరకి తాళం వచ్చింది. వాచీ ఎన్ని కేలరీలు చెబితే రాత్రికి అంతకు సరిపడా తూచి పెట్టేవారు. అంకె తగ్గితే ఖాళీ కంచం. నేను కాదు, లెక్క చెబుతోంది అనేవారు. సాయంత్రం ఆయన తాళం చెవి తలుపులో తిరిగే చప్పుడు వింటే నా గుండె నూట పది దాటేది. అది కూడా యాప్‌లో పడేది. నన్ను చూస్తే చాలు కేలరీలు కరుగుతున్నాయే అని నవ్వేవారు.

ఒకసారి కాళ్ళు లాగుతుంటే కుర్చీలో కూర్చునే చెయ్యి ఊపాను. ఆ రాత్రే కనిపెట్టేశారు. చెయ్యి కదిలింది గానీ గుండె కదల్లేదేం అన్నారు. ఆదివారం పొద్దున్న బాత్రూంలోకి పంపి బయట గడియ పెట్టి, సోమవారం పనికి వెళ్ళే వేళకి తీశారు. అత్తయ్య తలుపు కింది సందులోంచి రొట్టె ముక్కలు తోసింది. అది చూసి ఆయన ఆవిడ మణికట్టు పట్టుకుని మెలిపెట్టారు. కన్నతల్లి మణికట్టు. ఇప్పటికీ ఆవిడ ఆ చేత్తో గ్లాసు ఎత్తలేదు. అప్పుడు కూడా ఆయన గొంతు పెంచలేదు.

నేను దుకాణం నుంచి మూడింటికి వస్తాను. ఆయన ఏడింటికి వస్తారు. రెండు నెలల కిందట ఒకరోజు నీరసంతో గుమ్మంలోనే కూలబడ్డాను. అత్తయ్య వాచీ నా చేతి నుంచి విప్పి తన బాగున్న చేతికి పెట్టుకుంది. నీ బదులు నేను నాలుగు మెట్లెక్కితే వాడి సొమ్మేం పోయింది అంది. మా బిల్డింగ్ మెట్లు పై అంతస్తు దాకా ఒక్కసారి ఎక్కి దిగింది. నేను గంట నడిచినా రాని అంకె వచ్చేసింది. ఇద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వాం. మీ గుండె బంగారం అత్తయ్యా, నాది ఉత్త మొద్దుది అన్నాను. ఆ మాట అన్నది నేనే. అలాగే రాయండి.

ఆ రోజు నుంచి అదే పని. ఏడు గంటలు కాకముందే పట్టీ మీద చెమట తుడిచి, మళ్ళీ నా చేతికి నాలుగో రంధ్రంలో పెట్టుకునేదాన్ని. అంకెలు చూసి ఆయన మురిసిపోయారు. సరిగ్గా కొలిస్తే ఏ మనిషైనా దారికొస్తుంది అన్నారు. అని రోజూ చేరాల్సిన లక్ష్యం పెంచారు. లక్ష్యం పెరిగితే అత్తయ్యకి మెట్లు పెరిగాయి. నేను వద్దన్నాను. దొరికితే ఈసారి మీ రెండో చెయ్యి కూడా పోతుంది అన్నాను. నాకూ ఒళ్ళు తేలికపడుతోందిలే పిల్లా అనేది. మలుపులో రెయిలింగ్ పట్టుకుని ఆయాసపడటం కింద నాకు వినబడేది. రాత్రి నా కంచం నిండుగా ఉండేది. నేను తిన్నాను. ఆ ఆయాసం విని కూడా తిన్నాను.

ఆ అంకె ఎందుకంత వచ్చేదో ఇవాళ డాక్టరుగారు చెప్పేదాకా నాకు తెలియదు. వాచీ గుండె వేగాన్ని బట్టి కేలరీలు లెక్కగడుతుందని తెలుసు. అత్తయ్యది జబ్బు గుండె అని తెలియదు. పది మెట్లకే పరుగెత్తినంత కొట్టుకునేది. ఆ జబ్బంతా నా వ్యాయామం కింద జమైంది. మేమేమో అదృష్టం అనుకున్నాం.

ఈరోజు నాలుగు గంటలప్పుడు మెట్ల మీద చప్పుడైంది. చెప్పు ఒకటి దొర్లుకుంటూ మా గుమ్మం దాకా వచ్చింది. ఎడమకాలి చెప్పు. పరుగెత్తి చూస్తే అత్తయ్య మలుపులో అడ్డంగా పడి ఉంది. వాచీ ఉన్న చెయ్యి మాత్రం పైకెత్తి పట్టుకుంది, నేలకి కొట్టుకుని పగలకూడదని. కింది ఇంటి డ్రైవరుగారు తన కారులో ఆసుపత్రికి చేర్చారు.

నాలుగూ ముప్పావుకి ఎమర్జెన్సీ వార్డులో నా ఫోన్ మోగింది. మా ఆయన వేరే ఊళ్ళో పని మీద ఉన్నారు.

"గుండె నూట యాభై కొట్టుకుంటోంది. ఆసుపత్రిలో ఉన్నావు. ఎవరికేం చెప్పావు?" అన్నారు.

అక్కడే ఉండు, రెండున్నర గంటల్లో వస్తున్నాను అని పెట్టేశారు. వాళ్ళమ్మ గుండెని నా గుండె అనుకుంటున్నారని అప్పుడర్థమైంది.

నర్సు వాచీ విప్పబోతే అత్తయ్య ముక్కుకి గొట్టంతోనే వద్దని తల ఊపింది. నన్ను దగ్గరికి రమ్మంది.

"ఇది నా చేతికే ఉండనీ. వాడు దీన్ని పట్టుకుని ఇక్కడికే వస్తాడు. నువ్వు పో పిల్లా."

నేను కదల్లేదు. ఆవిడ ఆ మెలిపెట్టిన చేత్తో నన్ను తోసింది. గ్లాసు ఎత్తలేని చెయ్యి. వాడు నా కొడుకే కదా, నేను చూసుకుంటాను అంది. ఆవిడ గొంతులోనూ భయమే ఉంది, నాకు తెలుసు. నేను తిరిగొచ్చేదాకా ఎవరేమన్నా వాచీ విప్పొద్దని నర్సుకి దండం పెట్టి చెప్పాను. ఆ అమ్మాయి విప్పనని మాటిచ్చింది. ఆవిడని ఎరలాగా అక్కడ వదిలి వచ్చేశాను.

ఈ బల్ల మీదున్న ఫోన్ నాది. అందులో కనబడుతున్న అంకె అత్తయ్య గుండెది. నేను చెప్పడం మొదలుపెట్టినప్పుడు నూట పద్నాలుగు. ఇప్పుడు తొంభై ఎనిమిది. మందు పనిచేస్తోందేమో. కానిస్టేబుల్‌ని పంపామన్నారు, ఇంకా దారిలోనే ఉన్నాడన్నారు. మీ గడియారంలో ఏడూ పది అయింది. ఆయన ఏడుంపావుకి వస్తారు. ఆయన లెక్క తప్పదు.

అత్తయ్యని మెట్లెక్కించింది నేనేనని ఆయన చెబుతారు. అందులో అబద్ధం లేదు, నా మీద కేసు రాసుకోండి. ఆయన కంటే ముందు మీ మనిషి ఆ మంచం దగ్గర ఉండాలి. నేనడిగేది అదొక్కటే.

పైదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. వినిపిస్తుండగా ఫోన్‌లో అంకె పోయి, వాచీ చేతికి లేదు అని వచ్చింది. నర్సు తీసి ఉంటుందిలే అమ్మా అని ఇది రాస్తున్న రైటర్‌గారు అన్నారు. నర్సు తీయదు. మేడమ్ వార్డుకి ఫోన్ చేస్తున్నారు, ఎవరూ ఎత్తడం లేదు. ఇది కూడా చివర్న చేర్చమన్నాను, చేర్చారు.

ఇదంతా నిజం, నా నోటితో నేను చెప్పిందే. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి. లేవండి మేడమ్, వెళ్దాం.

(సంతకం)