నీళ్ళొచ్చాయి

కొండమీది యూనివర్సిటీలో వరద హెచ్చరికల గది. తెలతెలవారుతోంది. మైకు ముందు లెక్చరరు. గుమ్మంలో ఖాళీ బిందెతో రొప్పుతూ ఆమె మేనమామ.

"ముందు ఆ గొంతు ఆపవే."

"ఆపేశాను మామయ్యా. ఎప్పుడో ఆపేశాను."

"మరి నాకింకా వినిపిస్తోందే."

"నాకూ వినిపిస్తోంది. స్విచ్చి కట్టేసే ఉంది, చూడు. నువ్వు ముందా బిందె కింద పెట్టు."

"బిందా? ఇదింకా నా చేతిలోనే ఉందా."

"అసలెందుకు పట్టుకున్నావు?"

"ఎందుకేంటే? పోయి ఏడాదైన మా అక్క మైకు స్తంభం మీంచి 'నీళ్ళొచ్చాయి, రండర్రా' అని పిలిచింది. బతికున్నన్నాళ్ళూ రోజూ ఆ పిలుపు మీదే కదా లేచాం. నేను కళ్ళు కూడా సరిగా తెరవలేదు. బిందె పట్టుకుని పరిగెత్తాను. వీధంతా పరిగెత్తింది."

"కిందికా?"

"కుళాయి ఉన్నది కిందే కదా, కాలవ పక్కన. కొత్తగా అడుగుతావేం?"

"అది వరద పిలుపు మామయ్యా. పైన కట్ట తెగింది. అందరూ కొండమీదికి రావాలని..."

"వరదని నాకు మీ వాచ్‌మన్ దారిలో ఎదురై చెప్పాడు. అక్క చెప్పలేదు. మన వీధిలో నీళ్ళొచ్చాయంటే కుళాయి వచ్చిందని. మొన్నట్నించీ చుక్క లేదు, ఎవరాగుతారు?"

"నువ్వు వాళ్ళకి చెప్పలేకపోయావా?"

"చెప్పాను. వరస ఖాళీ చేయించి ముందు నిలబడదామని నా ఎత్తుట. అందరూ నవ్వారు. మీ అత్త కూడా నవ్వింది."

"అత్తయ్య అక్కడుందా?"

"ముందు తనే ఉంది. మోకాలు నొప్పని మూలుగుతూనే అందరికంటే ముందు చేరింది. నువ్వు మైకులో చెప్పవే."

"గొంతు పోయేదాకా చెప్పాను. మీరెవరూ వినలేదా?"

"అది నువ్వా? యూనివర్సిటీ వాళ్ళు మళ్ళీ ఏదో సర్వేకి పిలుస్తున్నారనుకున్నాం."

"అది నా గొంతే మామయ్యా."

"ఏమోనమ్మా. అక్కడికి నీ గొంతులా చేరలేదు."

"అందుకే కదా అమ్మ చేత చెప్పించింది. హెచ్చరిక కొండ దిగి మీ దగ్గరికి రావాలని, మీకు తెలిసిన గొంతుతో, మీకు తెలిసిన మాటతో..."

"తెలిసిన మాటే, అదే కొంప ముంచింది. ఎవరు పెట్టమన్నారా మాట?"

"కమిటీ."

"కమిటీ అంటే ఎవరు?"

"కమిటీ అంటే కమిటీ. నలుగురూ కూర్చుని..."

"ఆ నలుగురిలో మన వీధి మనిషి లేరా?"

"ఒకరున్నారు."

"ఎవరు?"

"ఇప్పుడదంతా ఎందుకు?"

"నాకు పేరు కావాలి. మీ అత్తకేమన్నా అయితే ఆ మనిషి మొహం చూసి అడుగుతాను, ఇదేనా నువ్వు మాకు చేసిన మేలు అని."

"నేను చూస్తున్నాను మామయ్యా. ఇంకేదైనా దారి..."

"అక్క చెబితేనే వింటారు. ఇంకేం చెప్పింది తను? రికార్డింగుకని ఫ్యాను కూడా ఆపేసి పూటంతా మాట్లాడించారు, చెమటతో తడిసిపోయానంది. ఒక్క మాటకి అంతసేపా?"

"మొత్తం రికార్డుంది. కానీ అది..."

"అది?"

"అమ్మ పోయాక నేనది వినలేదు."

"వినకపోతే ఏం? అలా చెయ్యి అడ్డం పెడతావేం?"

"ఒక చోట అరుస్తుంది. బిందెలు పారేసి పైకి రమ్మని."

"మరింకేం, పెట్టు."

"కత్తిరించాలి. ముందూ వెనకా వేరే మాటలున్నాయి. ఒక్క నిమిషం ఆగితే..."

"నిమిషమెక్కడుందే? కిటికీలోంచి చూడు. కాలవ మలుపు దగ్గర, ఆ ఎర్రగా కదిలేదేంటి?"

"నీళ్ళు."

"పిచ్చుకా."

"అలా పిలవకు మామయ్యా. ఆ పేరు అమ్మ పెట్టింది."

"అక్క పనికి పోతే నిన్ను చంకనేసుకుని తిరిగింది మీ అత్త. పెట్టవే."

"వీధంతా వింటుంది."

"వినాలనే కదా నేనేడుస్తోంది."

"సరే. ఆ మీట పైకి నెట్టు. అది కాదు, పక్కది. నువ్వే నెట్టు. నేనిక్కడ రికార్డు పెడతాను."

"నెట్టాను. ఏదీ? ఏమీ లేదే."

"ఉండు. ముందు దగ్గుతుంది."

కొండ కింద స్తంభాలన్నీ ఒక్కసారిగా దగ్గాయి.

"ఇదా మాట? నీళ్ళొచ్చాయి అనాలా? వద్దే. ఆ మాటంటే మనవాళ్ళు కిందికే పరిగెత్తుతారు. నేను తిడితే గానీ కదలరు. ఇదిగో, ఇలా అనాలి. ఒరేయ్, బిందెలు పారేసి పైకి రండర్రా! వరద! పిల్లల్నెత్తుకోండి, పైకి, పైకి!"

"కదిలారు. అమ్మాయ్, కదిలారు. అదిగో, బిందెలు దొర్లుతున్నాయి. మీ అత్త... ఎవరో రెక్క పట్టుకుని లాగుతున్నారు. గట్టెక్కింది. గట్టెక్కిందే."

"ఇప్పుడు మీట దించు మామయ్యా."

"దించడమేంటి? సగం మంది ఇంకా కిందే ఉన్నారు. ఆ గొంతు పట్టుకునే ఎక్కుతున్నారు. మాట్లాడనీ అక్కని."

"దించు మామయ్యా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఏమైందే నీకు?"

స్తంభాల మీంచి గొంతు ఆగలేదు.

"ఏంటీ, మీ యూనివర్సిటీ పెద్దవాళ్ళు కూడా వద్దన్నారా? వరద హెచ్చరిక అని పెట్టమన్నారా? వాళ్ళ మాటా వినక, నా మాటా వినక, మన వీధి మాటే ఉండాలని నీకెందుకే అంత పంతం? సరే, నీకోసం అంటాను. ఆ రికార్డు డబ్బా తిరుగుతోందిగా? అయితే అందరూ వినండర్రా. రేపేదైనా అయితే నన్ననకండి. ఈ మాట పెట్టించింది నా కూతురు, పిచ్చుక."