అతుకుకు అంటిన అయస్కాంతం

2025 సెప్టెంబరు 19, శుక్రవారం. ఉదయం ఎనిమిదింపావుకు, దారానికి కట్టిన అయస్కాంతం పడవ పలకల అతుకు వైపు వాలి అంటుకుంది. అంటుకోకూడదు.

నా పేరు జామి విశాలి. వయసు పందొమ్మిది. డిప్లొమా మెకానికల్ మూడో సంవత్సరం విద్యార్థిని. ఎచ్చెర్ల దగ్గర పడవల భాగాలు చేసే షెడ్డులో జూన్ నుంచి శిక్షణలో ఉన్నాను.

అది సముద్రంలో అయస్కాంత శక్తిని కొలిచే పడవ. పరికరం కింద పలకలు అయస్కాంతం అంటని స్టీలువి. అతుకూ అలాంటిదే కావాలి. అతుకు వేసే మామూలు స్టెయిన్‌లెస్ వెల్డింగ్ రాడ్డులో పగుళ్లు రాకుండా ఫెర్రైటు అనే ఇనుప రూపం కొంత ఉంచుతారు. దాన్ని అయస్కాంతం పట్టేస్తుంది. అందుకని ఫెర్రైటు లేని, మాంగనీసు ఎక్కువున్న రాడ్డు ఎంచాం. చార్టు చూసి రాసింది నేను. సంతకం సూపర్‌వైజర్ మురళీమోహన్ గారిది.

"లక్ష్ముడు రాడ్లు మార్చీసాడు. మంచియి అమ్మీసుంటాడు," అని ఆయన పోలీసులకు ఫిర్యాదు చేశారు. లక్ష్ముడు బాబాయ్ మా వెల్డరు. పది గంటల నుంచి స్టేషను బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఇక్కడి నుంచి కనిపిస్తున్నారు.

నేనూ అనుమానించాను. పదిహేడో తేదీ సాయంత్రం అయిదున్నరకు ఆయన సంచితో గేటు దాటారు. ఏమిటని అడిగితే "పెసాదం, పాపా" అన్నారు. విప్పి చూపలేదు. సంచి గురించి ఎస్సై గారు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ బరువుగా ఉందనే చెప్పాను.

మధ్యాహ్నం రెండింటికి కానిస్టేబులు బాబాయ్ ఇంటి నుంచి ఆ సంచి తెచ్చారు. అందులో కొబ్బరి చిప్పలు ఉన్నాయి.

అవి చూశాకే నాకు పూజ గుర్తొచ్చింది. పదిహేడున విశ్వకర్మ పూజ. స్టోరు చూసే కూర్మనాథం గారు రెండు రకాల రాడ్లూ పటం ముందు పెట్టించారు. "రాడ్డు రాడ్డుకీ బొట్టెట్టమ్మా. మనకి బువ్వెడతన్నాయియ్యే," అన్నారు. పెట్టెలు విప్పింది నేను. పట్టుకునే కొస దగ్గర, నంబరు అచ్చయిన చోటే, తడి పసుపు పెట్టింది నేను. రెండు కట్టలూ ఒకే బూడిద రంగు, ఒకే పొడవు. తిరిగి పెట్టెల్లో సర్దిందీ నేనే. సరిగ్గానే సర్దాననుకున్నాను.

పద్దెనిమిదిన ఉదయం తొమ్మిదిన్నరకు, రాడ్ల తేమ పోగొట్టే ఓవెన్ నుంచి తీస్తే పసుపు మాడి నల్లబడింది. బాబాయ్ ఒక రాడ్డు నా ముందు పెట్టారు.

"నంబరు కనబడ్నేదు, పాపా. ఇయి ఆ రాడ్లేనా? సరిగ్గా సూడు."

"ఆ పెట్టెలోవే కదా బాబాయ్," అన్నాను. చూడలేదు.

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఎస్సై గారు రాసుకున్నదంతా చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, నిజమే ఉంది. సంచి దగ్గర 'బరువుగా' అన్న మాట కొట్టేయమని అడిగాను. కుదరదన్నారు.

కాలగా మిగిలిన రాడ్డు ముక్కలు డబ్బాలో సీలు వేసి ఉన్నాయి. నంబరు ఉండేది ఆ ముక్కల మీదే. రేపు ఉదయం ఏడు గంటలకు షెడ్డులో అందరి ముందూ డబ్బా తెరుస్తారు. మాడిన పసుపు నేనే గోటితో గీకి, ఏ నంబరు బయటపడితే అదే పైకి చదువుతాను.

(సంతకం) జామి విశాలి