నాన్న గీజరు

అద్దెకివ్వబోయే పైవాటాలో కరెంటు సామాన్లు పరీక్షించడానికి ఎలక్ట్రీషియన్‌గా సొంత కూతురే వచ్చిందని ఆ ఇంటాయన పొద్దున్నుంచీ మురిసిపోతున్నాడు. కూతురు మీటరు పట్టుకుని స్నానాలగదిలోంచి బయటికొచ్చింది.

“ఫ్రిజ్ బాగుంది నాన్నా. గీజరు మాత్రం ఫెయిలు. ముట్టుకుంటే షాకు కొట్టేలా ఉంది.”

“నిన్నటిదాకా నేను స్నానం చేసింది దాంతోనే కదే.”

“నీ అదృష్టం గట్టిది. వచ్చేవాళ్లకి చంటిపిల్ల ఉందన్నావుగా?”

“నాన్నదని కూడా చూడవన్నమాట.”

“నాన్నదని వదిలేస్తే రేపు నా మాట ఎవరు నమ్ముతారు?”

ఆయన చెప్పులు వేసుకున్నాడు.

“ఎక్కడికి నాన్నా?”

“కొత్త గీజరు తేవడానికి. దారిలో మీ అత్తయ్యకి చెప్పాలి, నా కూతురు నన్నే ఫెయిలు చేసిందని.”

“అది కూడా గొప్పేనా?”

“మరి కాదా తల్లీ? వీధంతా చెప్పుకుంటాను.”