పదకొండు గంటల ఉపన్యాసం

కథ మొదలుపెట్టే ముందు ఇస్త్రీ బాబాయ్ ఎప్పుడూ ఒక పని చేస్తాడు. ఇస్త్రీపెట్టెను స్టాండు మీద నిలబెట్టి ప్లగ్గు పీకేస్తాడు. ప్లగ్గు పీకాడంటే కనీసం గంట. ఆ సంగతి తెలిసినవాళ్లు ముందే కుర్చీ వెతుక్కుంటారు, తెలియనివాళ్లు నిలబడి కాళ్లు పీకించుకుంటారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం లాండ్రీ షట్టరు సగం దించి ఉంది. వరసలుగా వేలాడుతున్న చొక్కాల కింద, బట్టలు మడతపెట్టే బల్ల చుట్టూ అందరూ టీ గ్లాసులతో చేరారు. బాబాయ్ ఉన్నాడు. కౌంటరు వెనక ఆయన భార్య, వీధిలో అందరికీ పిన్ని, ఉంది. ఇరవై రెండో నంబరు బస్సు నడిపే డ్రైవరన్న ఉన్నాడు. మూలన కుట్టుమిషను ముందు, ఊడిన బొత్తాలూ తెగిన జిప్పులూ బాగుచేసే అమ్మాయి కూర్చుంది. ఆమెను బాబాయ్ బొత్తాలమ్మా అని పిలుస్తాడు కాబట్టి అందరికీ ఆమె బొత్తాలమ్మే. ఆమె పక్కనే, నాలుగు రోజుల కిందట విమానం దిగిన ఆమె మొగుడు తెల్లచొక్కా వేసుకుని బుద్ధిగా కూర్చున్నాడు. అక్కడ, సొంతూళ్లో, బడిలో లెక్కల మాస్టారు. ఇక్కడ ఇంకా ఏమీ కాదు, బాబాయ్‌కి మాత్రం అల్లుడు.

ఈ కథ వినని చెవులు ఆ వీధిలో ఇక ఆ రెండే మిగిలాయి.

"అల్లుడూ, అసలు నువ్వు ఈ దేశంలో ఎలా అడుగుపెట్టావో నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు," అన్నాడు బాబాయ్.

"విమానంలో," అన్నాడు డ్రైవరన్న.

"నువ్వు టీ తాగరా. చల్లారిపోతోంది."

బొత్తాలమ్మ తల దించుకుని సూదిలో దారం ఎక్కించుకుంది. ఈ కథ ఆమె పదకొండుసార్లు విన్నది. విన్న ప్రతిసారీ నవ్వొచ్చేది, నవ్వు వెనకే ఆ రోజుల భయం కూడా వచ్చేది. పని మీద ఆమె ఇక్కడికి సక్రమంగానే వచ్చింది. మొగుణ్ణి పిలిపించుకోవడానికి దరఖాస్తు పెట్టింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఆ వరసలో మూడేళ్లు ఓపిగ్గా నిలబడింది. అంతలో కొత్త చట్టం కోసం ప్రభుత్వం పెట్టిన బిల్లు సంగతి బయటికొచ్చింది. బయటి నుంచి వచ్చినవాళ్లు పదేళ్లు పనిచేశాకే భార్యనైనా భర్తనైనా పిలిపించుకోవాలట, ఇప్పటికే వరసలో ఉన్నవాళ్లకీ అదే నియమమట. అంటే ఇంకో ఏడేళ్లు. ఆ రోజు ఆమె ఎవరిదో కోటుకి బొత్తాలన్నీ తిరగేసి కుట్టింది.

"బిల్లు సంగతి వినగానే నేనేం చేశాను? పెద్దగా ఏమీ చేయలేదు," అని బాబాయ్ అందుకున్నాడు. "ఇస్త్రీ చేసిన ప్రతి చొక్కా జేబులో ఒక చీటీ పెట్టాను. అయ్యా, ఈ బిల్లు వస్తే మీ చొక్కాకి బొత్తాం కుట్టే అమ్మాయి మొగుడు రాడు, నలభై రోజుల్లోగా అభ్యంతరం రాసి పంపండి అని. రోజుకి నలభై చొక్కాలు, నలభై చీటీలు. ఇదేమన్నా గొప్పా? గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదు."

పిన్ని బిస్కెట్ల డబ్బా మూత తీసింది, ఏమీ తీసుకోకుండానే మళ్లీ పెట్టేసింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? చీటీ దొరికినవాడు ఊరుకుంటాడా, పక్కవాడికి చెప్పాడు, ఆ పక్కవాడు బీరువాలో ఉన్న మంచి చొక్కాలన్నీ నలిపి నలిపి మూటకట్టుకుని వచ్చేశాడు, ఎందుకూ, చీటీ కోసం. అలా నలభై కాస్తా నాలుగొందలయ్యాయి, రోజుకి నాలుగొందలు కాస్తా గంటకి నాలుగొందలయ్యాయి, ఇస్త్రీపెట్టె ఎర్రగా కాలి కూర్చుంది, నీళ్లు చల్లుదామంటే నీళ్లు గాల్లోనే ఆవిరైపోతున్నాయి."

మాస్టారు పెదాలు కదిలాయి. "గంటకి నాలుగొందలంటే తొమ్మిది సెకన్లకొకటి," అన్నాడు మర్యాదగా.

"పొడుగు చేతులదైతే తొమ్మిది. పొట్టి చేతులదైతే ఆరు," అన్నాడు బాబాయ్, తడుముకోకుండా. "లైను ఎంతదాకా ఉందనుకున్నావు? మన షట్టరు దగ్గర మొదలై, బేకరీ దాటి, బడి దాటి, వంతెన మీదుగా అవతలి ఒడ్డుకెళ్లింది. చివర ఉన్నవాడు ఏ లైనులో నిలబడ్డాడో వాడికే తెలియదు, అయినా కదల్లేదు. మన జనానికి లైన్లో నిలబడటం ఒకరు నేర్పాలా?"

"ఆ వంతెన మీద నేను రోజుకి పద్నాలుగు ట్రిప్పులు వేస్తాను బాబాయ్," అన్నాడు డ్రైవరన్న. "నాకు ఒక్క మనిషి కనబడలేదు."

"ఆ వారం నీ బస్సు ఖాళీగా తిరిగిందా లేదా?"

"తిరిగింది. బడులకి సెలవులు."

"సెలవులు ఎందుకిచ్చారో అడిగావా?"

డ్రైవరన్న బిస్కెట్ల డబ్బా తనవైపు లాక్కున్నాడు. మాస్టారు నవ్వాపుకోవడానికి గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మూడేళ్లకు పైగా ఫోనులో మాత్రమే చూసిన నవ్వు అది. బొత్తాలమ్మ దాన్ని పక్కనుంచి చూస్తుంటే కుట్టు ఒకటి తప్పింది.

"సరే, జనం ఉన్నారు. మరి ఉత్తరాలో? మొదటి విడత మూడొందల ఉత్తరాలు నా చేత్తో నేనే రాశాను. కూర్చున్నచోటు నుంచి లేవకుండా. అవి చూసి, అభ్యంతరాలు తీసుకునే ఆఫీసు ఆఫీసంతా గడగడలాడిపోయింది."

"గడగడలాడి వెనక్కి పంపించింది," అంది పిన్ని. కౌంటరు కింద చెయ్యి పెట్టి, పురికొసతో కట్టిన కట్ట ఒకటి తీసి అల్లుడి ముందు పడేసింది. "చదువు నాయనా. గట్టిగా చదువు."

మాస్టారు పై ఉత్తరం తీశాడు. "అభ్యంతరం తెలుపుతున్నవారి పేరు, నాలుగొందల పదిహేడు. చిరునామా, నీలం చారలు, గంజి తక్కువ."

డ్రైవరన్న తాగుతున్న టీ ముక్కులోకి వచ్చింది.

జరిగిందేమిటంటే, ముప్పై ఏళ్లుగా బాబాయ్‌కి మనుషులు టోకెన్ నంబర్లతోనే గుర్తు. డాక్టరుగారు నూట ఆరు. బడి హెడ్‌మిస్ట్రెస్‌గారు అరవై మూడు. పెళ్లిళ్లకి కూడా నూట ఆరు వాళ్లబ్బాయి పెళ్లి అనే వెళతాడు. ఆ లెక్కనే, ఖాతాదారుల తరఫున వాళ్ల అనుమతి అడిగి మరీ ఉత్తరాలు రాశాడు కానీ, పేరు దగ్గర నంబరు, చిరునామా దగ్గర బట్టల గుర్తు వేశాడు. అది తప్పని ఆయనకి తట్టనే లేదు. ఉత్తరాలు తిరిగొచ్చేసరికి నలభై రోజుల్లో పంతొమ్మిది గడిచిపోయాయి. ఆ సాయంత్రం బొత్తాలమ్మ మిషను మీద తల వాల్చి ఏడ్చింది. పిన్ని ఏడవలేదు. ఒక పెన్నుకి దారం కట్టి కౌంటరుకి వేలాడదీసింది.

"ఎవడి ఉత్తరం వాడే రాయాలి, వాడి పేరు వాడే పెట్టాలి, అప్పుడే బట్టలిస్తానన్నాను," అంది పిన్ని. "రెండ్రోజులు వీధి వీధంతా నలిగిన చొక్కాలతో తిరిగింది. మూడోరోజు నుంచి రాశారు. కొందరు నాకు చదివి వినిపించి మరీ రాశారు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు, బయటికి పోవాల్సిన అవసరం ఎన్నడూ లేనివాళ్లు కూడా రాశారు. పదమూడు వందల పదహారు ఉత్తరాలు."

"అదంతా నా పథకం," అన్నాడు బాబాయ్. "మొదటివి వెనక్కొస్తేనే కదా జనానికి రోషం వచ్చేది? కావాలనే నంబర్లు వేశాను. అయినా పదమూడు వందలంటావేమిటే, సున్నాలు మింగేస్తున్నావు. లక్షా ముప్పైవేలు. పోస్టు బండి స్ప్రింగులు విరిగిపోయాయి. ఊళ్లో కాగితం అయిపోతే చొక్కా చేతుల మీద రాసి, చేతులు కత్తిరించి పంపించారు. ఇప్పటికీ ఈ ఊళ్లో పొట్టి చేతుల చొక్కాలు ఎక్కువెందుకో నీకు ఇప్పుడు తెలిసిందా అల్లుడూ?"

"తెలిసింది మామయ్యగారూ."

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? జనం అభిప్రాయం వినడానికి ఆ బిల్లు చూసే కమిటీయే మన ఊరికి దిగింది. టౌను హాల్లో విచారణ. ఐదుగురు పెద్దమనుషులు, ఎదురుగా మైకు. నన్ను పిలిచారు."

బొత్తాలమ్మ చేతిలో సూది ఆగిపోయింది. కథలో ఇక్కడికొచ్చేసరికి ఆమె ప్రతిసారీ తల దించుకునేది, ఈసారి మొగుడి వైపు చూసింది. ఆ విచారణను ప్రత్యక్ష ప్రసారంలో చూపించారు. సొంతూళ్లో బడి మానేసి మొగుడు ఫోను ముందు కూర్చున్నాడు. చూశాను అని మాత్రం ఆ రోజు చెప్పి, ఫోను పెట్టేశాడు. ఎంతవరకు చూశాడో ఆమె అడగలేదు. ఏమీ అనొద్దన్నట్టు ఆమె మిషను బల్ల కింద నుంచి అతని పాదం మీద పాదం వేసి నొక్కింది. అతను అది ప్రేమనుకుని తిరిగి నొక్కాడు.

"మైకు ముందుకెళ్లానా," బాబాయ్ లేచి నిలబడ్డాడు, "హాలంతా ఈగ వాలితే వినబడేలా ఉంది. మొదలుపెట్టాను. పొద్దున్న తొమ్మిదికి మొదలుపెడితే రాత్రి ఎనిమిదికి పూర్తిచేశాను. పదకొండు గంటలు, మధ్యలో మంచినీళ్లు కూడా తాగలేదు. నా మాటలు రాసుకునే ఆవిడ వేళ్లు వాచిపోతే ఇంకొకావిణ్ణి పెట్టారు, అలా ఏడుగురు మారారు. పెళ్లంటే ఏమిటి, ఎదురుచూపంటే ఏమిటి, అయినవాళ్లకు దూరంగా ఒంటరిగా అన్నం తినడమంటే ఏమిటి, ఒక్కొక్కటీ విడమరిచి చెబుతుంటే కమిటీ అధ్యక్షుడు ఏడవడం మొదలుపెట్టాడు, ఎంత ఏడ్చాడంటే కోటు తడిసి ముడతలు పడిపోయింది. చూస్తూ ఊరుకుంటానా? వృత్తి ధర్మం. సంచిలోంచి ఇస్త్రీపెట్టె తీసి, ఆయన ఒంటి మీద ఉండగానే ఆ కోటు ఇస్త్రీ చేశాను. ఒక చేత్తో ఇస్త్రీ, నోటితో ఉపన్యాసం. ఆయనకి వెచ్చవెచ్చగా హాయిగా ఉండి, కళ్లు తుడుచుకుని, బిల్లు నాలుగు ముక్కలు చేసి, అయ్యా, కొత్త చట్టం మీరే రాసిపెట్టండి అన్నాడు. కుదరదన్నాను. సోమవారం హోటలు దుప్పట్లున్నాయి, మూడొందలు, మీ చట్టం మీరే రాసుకోండన్నాను."

డ్రైవరన్న చప్పట్లు కొట్టాడు. బిల్లు సంగతి మాత్రం నిజమే. విచారణైన నెలకి కుటుంబాల నియమం తీసేశారు, ఇంకో రెండు నెలలకి బిల్లు మొత్తాన్నీ అటకెక్కించారు. సాక్ష్యం తెల్లచొక్కాలో ఎదురుగా కూర్చునే ఉంది.

ఆ సాక్ష్యం గొంతు సవరించుకుంది.

"మామయ్యగారూ, ఒక్క సందేహం. మనిషికి మూడేసి నిమిషాలే కదా ఇచ్చింది?"

"మామూలు మనుషులకి."

"నేను చూశాను మామయ్యగారూ. ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను." మాస్టారు బల్ల మీది టీ మరక చూస్తూ మెల్లగా అన్నాడు. "మీరు మైకు ముందుకొచ్చారు. నోరు తెరిచారు. మాట రాలేదు. మళ్లీ తెరిచారు. రాలేదు. గంట కొట్టేదాకా అలాగే నిలబడ్డారు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు."

డ్రైవరన్న చెయ్యి డబ్బాలోనే ఉండిపోయింది. ఆ రోజు హాల్లో వీళ్లంతా ఉన్నారు. చూసినవాళ్లంతా, ఒకరికొకరు చెప్పుకోకుండానే, ఇన్నాళ్లూ ఆ మాట ఎత్తలేదు. రోజంతా వాగే మనిషికి ఆ ఒక్కరోజే నోరు పెగలకపోతే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. బాబాయ్ కూర్చున్నాడు. పీకేసిన ప్లగ్గు చేతిలోకి తీసుకుని, దాని పిన్నులు రెండూ మొదటిసారి చూస్తున్నట్టు చూడసాగాడు. బొత్తాలమ్మకి మొగుడి మీద కోపం పొంగుకొచ్చింది.

"మీ చేతిలో హ్యాంగరుకి ఒక చొక్కా ఉంది," అన్నాడు మాస్టారు. "తెల్లది. మూడు నిమిషాలూ దాన్ని దించకుండా పైకెత్తి పట్టుకున్నారు. చొక్కా అంచు కూడా ఎక్కడా తగలనివ్వలేదు. కెమెరా దగ్గరికొచ్చినప్పుడు మూడో బొత్తాం కనబడింది. తెల్లచొక్కాకి నీలం దారంతో కుట్టిన బొత్తాం. అప్పుడు తెలిసింది నాకు, అది నాదని."

అతను ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. నీలం దారం అక్కడే ఉంది.

ఆ చొక్కా టోకెన్ రెండొందల పన్నెండు. వచ్చేటప్పుడు బొత్తాలమ్మ పెట్టెలో తెచ్చుకుంది. అతను దిగిన రోజు ఇదే వేసుకోవాలని నెలకోసారి ఉతికి తెచ్చేది. దాన్ని బాబాయ్ ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. విచారణ నాటికే, ఎవరూ వేసుకోని ఆ చొక్కాని ముప్పై ఆరుసార్లు ఇస్త్రీ చేశాడు.

"గంట కొట్టాక అధ్యక్షుడు అడిగాడు, ఆ చొక్కా ఎవరిదని," అంది బొత్తాలమ్మ. తను మాట్లాడుతున్నానని ఆమెకే తర్వాత తెలిసింది. "బాబాయ్ నన్ను చూపించారు. నేను లేచాను. మా ఆయనది, మూడేళ్లుగా నెలనెలా ఇస్త్రీ అవుతోంది, వేసుకునే మనిషినే మీరు రానివ్వడం లేదు అన్నాను. అంతే అన్నాను. బాబాయ్ అది పట్టుకుని అక్కడ నిలబడకపోతే నాకు ఆ మాట కూడా వచ్చేది కాదు."

మర్నాడు ఆ చొక్కా బొమ్మే అన్ని పేపర్లలోనూ వచ్చింది. పిన్ని కౌంటరు వైపు తిరిగి, ఉన్న చోటే ఉన్న పెన్నుని మళ్లీ సర్దింది.

"మామయ్యగారూ," అన్నాడు మాస్టారు, "నేను లెక్కల మనిషిని. అలవాటుకొద్దీ టైము చూశాను. మీరు నిలబడింది మూడు నిమిషాల నాలుగు సెకన్లు. ఆ మూడు నిమిషాల్లో నాకు అర్థమైంది, ఇక్కడ నాకు కూడా మనుషులున్నారని. పదకొండు గంటలు మాట్లాడినా నాకు అంత ధైర్యం వచ్చేది కాదు."

బాబాయ్ ప్లగ్గును బల్ల మీద పెట్టాడు. తర్వాత తలెత్తాడు. కళ్లు తడిగా ఉన్నాయి కానీ గొంతు మాత్రం పాత గొంతే.

"ఎన్ని సెకన్లన్నావు?"

"నాలుగు ఎక్కువ."

బాబాయ్ డ్రైవరన్న వైపు తిరిగాడు. "విన్నావురా? లెక్కల మాస్టారు చెబుతున్నాడు. ప్రభుత్వం ఇచ్చిన టైముకంటే నాలుగు సెకన్లు ఎక్కువ తీసుకున్నా. ఆ హాల్లో ఇంకెవడికి ఉంది ఆ గుండె?"

లేచి, ప్లగ్గు పెట్టి, అల్లుడి చొక్కా కాలరు ఒక పక్క మడతపడిందని, విప్పి ఇటివ్వమని చెయ్యి చాపాడు.