రేవు కాడ ఒడిబియ్యం

1965. ప్రాణహిత రేవు. ఇవతల ఆదిలాబాద్ జిల్లా, అవతల మహారాష్ట్ర. గింజ అనేది నది దాటకూడదని సర్కారు ఉత్తర్వు. రాయమల్లు నెత్తిన మూటతో, పక్కన బిడ్డతో జవాను వైపు నడుస్తున్నాడు.

"జర నవ్వు బిడ్డా. అత్తగారింటికి పోయే పిల్ల గట్లుంటదా?"

"నవ్వొస్తలేదు బాపూ."

"లెవీ కింద సర్కారోళ్లు కొలుసుకపోంగ మిగిలినయి కొన్నే. గీడ అమ్మితె సర్కారు రేటు, ఎద్దు తోక గుడ రాదు. అవతల ఒడ్డున రెట్టింపు. ఎద్దు లేకుంటె నాగలి నువ్వు గుంజుతవా, నేను గుంజాల్నా?"

"తెల్సు. నువ్వే మాట్లాడు, నేను మాట్లాడ."

"ఏయ్, ఆగుర్రి! ఏముంది మూటల?"

"ఒడిబియ్యం సాబ్. నా బిడ్డను అత్తగారింటికి తోల్కపోతున్న."

"పొద్దటిసంది అందరియి ఒడిబియ్యమే! గింజలు దాటద్దని సర్కారు అన్నకాన్నుంచి మీ బిడ్డలందరు అవతల్నే కాపురం జేస్తున్నరా?"

"మా అల్లునిది సిరోంచ సాబ్. సర్కారు గీత గీయకముందే పిల్లనిచ్చిన. గీత గీస్తరని నాకేం ఎరుక?"

"ఒడిబియ్యమంటె పసుపు కలిపి బిడ్డ ఒడిల పోసే ఐదు శేర్లు. గిది అద్దబస్తా ఉన్నది."

"ఒక్కతే బిడ్డ సాబ్. నిండ పోసిన."

"పైన పసుపు కనవడ్తుంది. కింద తెల్లగుంటె? ఇప్పు, చెయ్యివెట్టి సూస్త."

"వద్దు సాబ్, వద్దు! ముత్తైదువకు పోసినయి. పరాయి చెయ్యి తాకద్దు. నీకు బిడ్డల్లేరా?"

"…ఉన్నది ఒకతి. గది సరే. ఏం బిడ్డా, నీ పేరేంది?"

"సక్కుబాయి."

"నీ పెనిమిటి పేరు?"

"గట్లడుగుతె ఎట్ల సాబ్? ఆడివిల్ల మొగని పేరు చెప్తదా!"

"హహ, అవు గద! అరె, ఏడుస్తుందేంది?"

"పుట్టినిల్లు ఇడిసిపోతుంది. గందుకే."

"మాదీ గిట్లనే ఏడ్సింది, బండెక్కెదాక. పోర్రి, పోర్రి. పెద్దసారు రాకముందే పడవెక్కుర్రి. ఏడువకు బిడ్డా. పసుపుకుంకాలతోని నిండ నూరేండ్లు సల్లగుండు!"

పడవ కదిలింది.

"ఇగ ఊకో బిడ్డా. దాటినం. ఎద్దొస్తది. వానలు వడంగనే దున్నుకుంటం. ఇటు సూడు."

"నా మొగడు సచ్చి ఏడాది నిండలే బాపూ. గాయన పసుపుకుంకాలని దీవిస్తుంటె నేను తలకాయ ఊపిన."

"ఏం జేద్దుమే మరి? ఎవలు ఎరుక గీడ?"

"జర నీళ్లు ముంచియ్యి. బొట్టు కడుక్కుంట."

"ఉండనియ్యి బిడ్డా. ఇంట్ల ఇంకో మూటున్నది."